వ్యాధిగ్రస్తుల మిత్రుడు: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

సువార్తలయందు నలుగురు మనుష్యులను గూర్చిన కథ యొకటి కలదు. పక్షవాయువుతో మంచముపట్టిన యొకనిని వారు మోసికొని వచ్చిరి. జనులు గుమిగూడి యుండుటచే వాకిట దారి దొరకలేదు. అంతట వారు ఇంటికప్పు విప్పి, పరుపుతోడనే వానిని ప్రభువు సన్నిధికి దింపిరి. ఆ నలుగురి పేర్లు ఎవ్వరికిని తెలియవు. అయినను స్వస్థత పొందుటకు ముందు ఆ రోగికి నాలుగు మూలలను పట్టి మోయు స్నేహితులు దొరకిరను సంగతి మనము మరువరాదు. దీర్ఘవ్యాధి మనుష్యుని శరీరమును మాత్రమేగాక ధైర్యమును గూడ తినివేయును. ఔషధము శరీరమును కాపాడవచ్చును. ధైర్యమును కాపాడుటకు మఱియొక మనుష్యుడు కావలెను.

మన పెద్దలు రాచపుండు అని పిలిచిన వ్యాధినే నేడు క్యాన్సరు అనుచున్నారు. ఆ పేరు నోట పలుకుటకైనను వెనుకటివారు జంకెడివారు. ఆ వ్యాధి పసిపిల్లల రక్తమున ప్రవేశించినప్పుడు వైద్యులు సయితము చేతులు ముడుచుకొనియుండిన కాలములో, దానిపై తొలిసారిగా పనిచేసిన యొక ఔషధమును తయారుచేయించి పంపినవాడు మన డెల్టాసీమలో పుట్టిన తెలుగువాడు. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. భీమవరము నేడు పశ్చిమ గోదావరి జిల్లాలోనిదైనను, 1904 మొదలు 1925 వఱకు కృష్ణా జిల్లాలో చేరియుండెను. కాబట్టి వారిని మనవారని చెప్పుకొనుటకు కృష్ణా, గోదావరి తీరములు రెంటికిని హక్కు కలదు. తండ్రి జగన్నాథముగారు, తల్లి వేంకమ్మగారు. ఏడుగురు సంతానములో వీరు నాలుగవవారు. ఇంట కలిమి లేదు. వ్యాధులు, మరణములు మాత్రము తఱుచు వచ్చుచుండెను.

బాల్యమున వీరు బుద్ధిమంతుడగు విద్యార్థి యని పేరు పొందినవారు కారు. 13 ఏండ్ల ప్రాయమున చదువు విడిచి, కాశీకిపోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు వదలి బయలుదేరిరి. పెద్దలు వెదకి వెనుకకు తెచ్చిరి. రాజమహేంద్రవరమున చదువుచున్న దినములలో దగ్గరి బంధువుల మరణములచే మనసు చెదరెను. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండుసారులు తప్పి, మూడవసారి మదరాసు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. పరీక్ష తప్పినంతమాత్రముచే తమ బ్రతుకు చెడెనని కుములు బాలురు ఈ సంగతిని శ్రద్ధగా చదువవలెను.

తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు ముగించి, మదరాసు వైద్య కళాశాలలో చేరిరి. వైద్యవిద్యకు కావలసిన ధనము వీరియొద్ద లేదు. మిత్రులు సాయపడిరి, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ఆదుకొనిరి. 1919లో వీరు ఆ మూర్తిగారి కుమార్తెయగు శేషగిరిగారిని వివాహమాడిరి. స్నేహితుల చేయూత లేనిచో ఈ వైద్యుడు మనకు దక్కియుండెడివాడు కాడు.

అది గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట వినవచ్చుచున్న కాలము. సుబ్బారావుగారు శస్త్రవైద్యశాలకు ఖద్దరు దుస్తులతో పోవుటచే ఆచార్యుడైన బ్రాడుఫీల్డు దొరగారి ఆగ్రహమునకు గురియైరి. వ్రాతపరీక్షలలో చక్కగా తేలినను వీరికి ఎం.బి.బి.ఎస్. పట్టము రాలేదు, అంతకన్న తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. మదరాసు వైద్యశాఖలో ఉద్యోగమునకై చేసిన యత్నమును నెరవేరలేదు. అప్పుడు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు నడపుచుండిన ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించు పని దొరకెను. అచ్చట మన ప్రాచీన వైద్యమునందు వీరికి మక్కువ కలిగెను.

ఈ నడుమనే వీరి జీవితమును మలుపు త్రిప్పిన దుఃఖము సంభవించెను. అన్నయగు పురుషోత్తముగారు, తమ్ముడగు కృష్ణమూర్తిగారు కొలది దినముల తేడాలో ఒకే వ్యాధిచే మరణించిరి. అది ఉష్ణదేశములలో కనబడు స్ప్రూ అను గ్రహణి రోగము. తిన్న ఆహారము ఒంటబట్టదు, నాలుక పూయును, విరేచనములచే దేహము క్షీణించును, రక్తము పలుచబడును. తానే వైద్యుడయ్యును, తోబుట్టువులు కన్నులయెదుట కృశించుచుండగా ఏమియు చేయజాలకపోయిన దుఃఖము వారిని విడువలేదు. ఆ వ్యాధిని గూర్చి నేర్చుకొనవలెనను కోరిక దృఢమయ్యెను. మామగారు కూర్చిన ధనముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారి సాయముపై గల భరోసతోను 1922లో వీరు అమెరికాకు ఓడ యెక్కి, ఆ అక్టోబరులో బోస్టను నగరము చేరిరి. గర్భవతియైన భార్య ఇంటనుండెను. పిమ్మట కలిగిన కుమారుడు శైశవమునందే మరణించెను. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. భార్యాభర్తలు మరల ఒకరినొకరు చూచుకొనుటయు తటస్థింపలేదు. మహనీయుల చరిత్రలు వ్రాయునప్పుడు ఇట్టి సంగతులను దాటివేయుట న్యాయము కాదు. శేషగిరిగారు చెల్లించిన మూల్యముకూడ ఈ కథలోనిదే.

బోస్టనులో వీరు హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశవైద్య పాఠశాలలో చేరిరి. తిండికి, గదికి చాలినంత ధనము లేదు. వైద్యపట్టము చేతనున్నను ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడుగా కుదిరి, రోగుల మలమూత్రపాత్రలను కడిగిరి. ఆ పనిని వీరు అవమానముగా తలపలేదు. పిమ్మట జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కేగారితో కలసి పరిశోధన ప్రారంభించిరి. 1925లో రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతిని ఇరువురును ప్రకటించిరి. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యను పేర అది విద్యార్థులకు నేటికిని పరిచితమే. 1927లో కండరములయందలి ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వారు వెల్లడించిరి. మనము చేయెత్తినను, అడుగు వేసినను, గుండె కొట్టుకొనినను, అందులకగు శక్తి ఈ ఏ.టి.పి. నుండియే వచ్చును. అదేకాలమున జర్మనీలో లోమను అను శాస్త్రజ్ఞుడు వేరుగా దీనిని కనుగొనెను. 1930లో సుబ్బారావుగారికి హార్వర్డువారు డాక్టరేటు పట్టమొసగిరి. కాని స్థిరమగు ఆచార్యపదవి మాత్రము లభింపలేదు.

1940లో వీరు న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివరు గ్రామముననున్న లెడర్లె ఔషధశాలకు మారిరి. అచ్చట పరిశోధన కంతటికిని నాయకులై అనేక శాస్త్రజ్ఞులచే పని చేయించిరి. వారి దృష్టి మొదట ఫోలికు ఆమ్లము అను విటమినుపై నిలిచెను. దాని కథ మన దేశమునకును చెందినదే. బొంబాయిలో గర్భిణీస్త్రీలకు వచ్చు రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్సు అను ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారముచే అది నయమగుననియు, అందేదో తెలియని జీవపదార్థము కలదనియు 1931లో తెల్పెను. 1941లో పాలకూర ఆకులనుండి దానిని వేఱుచేసిన శాస్త్రజ్ఞులు, ఆకు అను అర్థముగల లాటిను మాటనుబట్టి ఫోలికు ఆమ్లమని పేరిడిరి. 1945లో సుబ్బారావుగారి బృందము దానిని ప్రయోగశాలలో తయారుచేయగలిగెను. ఆ వెంటనే వైద్యులు దానిని స్ప్రూ రోగుల కిచ్చి చూడగా, వారి రక్తము మెరుగై దేహమునకు బలము వచ్చెను. అన్నదమ్ములను పొట్టనబెట్టుకొనిన వ్యాధికి మందు ఆ సోదరుని పరిశోధనశాలనుండియే వెలువడెను. అది వారికి అందునంతటి ముందుగా రాలేదు. ఇతరుల సోదరులకు అందెను.

ఇచ్చటినుండి కథ క్యాన్సరువైపు తిరుగును. రక్తపు క్యాన్సరైన లుకేమియాలో ఎముకల మూలుగయందు పుట్టు తెల్లకణములు పక్వము కాకయే లెక్కకు మిక్కిలిగా పెరిగి, మంచి రక్తమునకు చోటు లేకుండ చేయును. బిడ్డ పాలిపోవును, జ్వరము విడువదు, చిన్న దెబ్బకే రక్తము కారును. ఆ కాలమున ఈ వ్యాధి సోకిన పిల్లలు కొలది వారములలోనో నెలలలోనో మరణించుచుండిరి. బోస్టను పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడుండెను. ఆయన పని మృతదేహములను పరీక్షించి వ్యాధికారణమును నిర్ణయించుట. చనిపోయిన పిల్లలను చూచి చూచి విసిగిన ఆయన, బ్రతికియున్న పిల్లలకు ఏదైన చేయవలెనని తలపెట్టెను. ఫార్బరుగారును సుబ్బారావుగారును హార్వర్డు వైద్యవిద్యాలయముననే పనిచేసినవారు. ఆయనకు కావలసిన పదార్థములను సుబ్బారావుగారి బృందము పెర్ల్ రివరునందు తయారుచేసి పంపుచుండెను.

ఫోలికు ఆమ్లపు జాతికి చెందిన పదార్థములను లుకేమియా రోగుల కిచ్చినప్పుడు వ్యాధి తగ్గుటకు మారుగా వేగముగా పెరుగునట్లు ఫార్బరుగారికి తోచెను. మఱియొకడైనచో అంతటితో విరమించియుండును. ఆయన దానిని తలక్రిందులుగా ఆలోచించెను: ఈ విటమిను క్యాన్సరు కణములకు ఆహారమైనచో, ఆ ఆహారమును నిరోధించు పదార్థము వానిని మాడ్పవలెను గదా! అట్టి విరోధి పదార్థములను సుబ్బారావుగారి రసాయనశాస్త్రజ్ఞులు సిద్ధపరచిరి. వానిలో ముఖ్యమైనది అమినోప్టెరిన్.

ఇది పనిచేయు విధమును మన రైతుబిడ్డలకు వరిగింజతో చెప్పవచ్చును. తాలుగింజ చూచుటకు వడ్లగింజవలెనే యుండును. పొట్టు అదియే, ఆకారము అదియే. కాని చేటలో చోటును ఆక్రమించుటయేగాని మొలకెత్తదు. అట్లే అమినోప్టెరిన్ ఫోలికు ఆమ్లపు పోలికతో కణములోనికి పోయి, విటమిను కూర్చుండవలసిన చోట కూర్చుండును. కణము మోసపోయి, తాను రెండుగా చీలుటకు కావలసిన పదార్థమును తయారుచేసికొనజాలక నశించును. అతివేగముగా పెరుగు కణములకే ఈ దెబ్బ ఎక్కువగా తగులును.

1947వ సంవత్సరము చివర ఫార్బరుగారు ఈ మందును పిల్లలకు ఇయ్య నారంభించిరి. తోటి వైద్యులు కొందఱు ఇది చచ్చుబిడ్డలను హింసించుటయే యని నిరసించిరి. ఆ పిల్లలలో రెండేండ్ల బాలుడొకడుండెను. వానికొక కవల సోదరుడు కలడు, వాడు ఆరోగ్యవంతుడు. రోగియగు బిడ్డ లేవలేని స్థితినుండి తేరుకొని, కొన్నినెలలు తన కవలవలెనే ఆడుకొనెను. పిమ్మట వ్యాధి తిరిగివచ్చి వానిని తీసికొనిపోయెను. 1948 జూను 3వ తేదీన ఫార్బరుగారు తమ ఫలితములను ప్రకటించిరి. తీవ్రరోగముతోనున్న 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనబడెను. ఆ గుణము తాత్కాలికమే. అయినను, ఒక మందు రక్తపు క్యాన్సరును వెనుకకు నెట్టగలదని లోకమునకు తెలిసెను. తల్లిదండ్రులకు ఆ కొలది నెలలు ఎంతటివో లెక్కలు చెప్పజాలవు.

ఆ 1948వ సంవత్సరముననే ఫార్బరుగారి వార్డునందు మఱియొక సంగతి జరిగెను. ఉదరమున క్యాన్సరుతో బాధపడుచున్న పండ్రెండేండ్ల బాలుడొకడు మెయిన్ రాష్ట్రమునుండి వచ్చెను. బంగాళదుంపలు పండించు రైతు కుటుంబములోనివాడు. వాని అసలు పేరు దాచి జిమ్మీ యని పిలిచిరి. వానికి బేస్‌బాల్ ఆటయన్న ప్రాణము. మే నెల 22వ తేదీ రాత్రి రేడియోలో ఒకరు వానితో మాటలాడుచు, బోస్టను బ్రేవ్సు జట్టులో ఎవరెవరు ఇష్టమని అడుగుచుండిరి. వాడు పేరు చెప్పిన ఆటగాడెల్ల ఒకరి వెంట నొకరు వాని మంచము చెంతకు నడచి వచ్చిరి. చివరకు వారందఱును వానిని చుట్టుకొని పాట పాడిరి. రేడియో విన్న జనులు 2 లక్షల డాలర్లకు పైగా చందాలు పంపిరి. ఆ సొమ్ముతో మొదలైన నిధి పిల్లల క్యాన్సరు పరిశోధనకు నేటికిని ఆధారమై యున్నది. బాలుడు చనిపోయెనని పెక్కండ్రు తలచిరి. కాని వాడు బ్రతికి, పెద్దవాడై, కుటుంబముతో వర్ధిల్లి, ఏబది సంవత్సరముల పిదప 1998లో లోకమునకు కనబడెను. ఆటగాండ్రు మందుసీసాలను తేలేదు. చికిత్స నడుమ కుమిలిపోవలసిన బిడ్డకు, తన కొఱకు ఎదురుచూచు లోకమొకటి వెలుపల నున్నదని చూపిరి.

ఆ యేటి ఆగస్టులో సుబ్బారావుగారు న్యూయార్కునందు నిద్రలోనే గుండెపోటుతో దివంగతులైరి. వయస్సు 53 సంవత్సరములు. ఫార్బరుగారి వ్యాసము వెలువడి అప్పటికి రెండు నెలలు మాత్రమే దాటెను. తాము నాటిన మొక్క ఎంత పెరుగునో వారు చూడలేదు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువగు మందు వారి పరిశోధనశాలలోనే పుట్టెను. దానికి మెథోట్రెక్సేటు అని పేరు వచ్చెను. 1956లో గర్భకోశమునకు సంబంధించిన యొకవిధమగు క్యాన్సరు ఆ మందుచే పూర్తిగా నయమైనట్లు అమెరికాలో రుజువయ్యెను. 1960 తరువాత వైద్యులు పెక్కు మందులను కలిపి ఇయ్య నేర్చిరి. పిల్లలకు తఱుచుగా వచ్చు లుకేమియా రకమునందు, సంపన్న దేశములలో నేడు పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బ్రతికి బయటపడుచున్నారు. ఆ చికిత్సలో మెథోట్రెక్సేటు నేటికిని ముఖ్యస్థానము వహించుచున్నది. ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు దేహమును కాపాడుటకు ఫోలినికు ఆమ్లమును వెంట ఇచ్చెదరు. అదియు ఆ విటమిను జాతిదే.

మన డెల్టావాసులు మఱియొక ఋణమును గుర్తుంచుకొనవలెను. కాలువలు, దోమలుగల ఈ సీమలో బోదకాలు వ్యాధి ఎందఱ కాళ్లను ఏనుగు కాళ్లుగ చేసెనో పెద్దలెరుగుదురు. దాని పురుగులను చంపు డి.ఇ.సి. మాత్ర 1947లో సుబ్బారావుగారి నాయకత్వముననే వెలుగుచూచెను. 2004 మొదలు మన దేశమున బోదకాలు నిర్మూలనకై ఇంటింటికిని పంచిన మాత్ర అదియే. 1948లో ఆరియోమైసిను అను మందుకూడ ఆ సంస్థనుండి వెలువడెను. 1995లో భారత ప్రభుత్వము వీరి శతజయంతికి తపాలబిళ్ళను ముద్రించెను. మందు మింగినవారిలో అనేకులకు ఈ పేరు తెలియదు. మంచము మోసిన నలుగురి పేర్లును తెలియవు గదా!

బాలబాలికలారా, మీ తరగతిలోనో వీధిలోనో ఒక స్నేహితుడు ఇట్టి చికిత్స పొందుచు ఉండవచ్చును. అది కొన్ని దినములది కాదు. లుకేమియా చికిత్స రెండు మూడు సంవత్సరములు సాగును. క్యాన్సరు కణములను చంపు మందు ఆరోగ్యముగా వేగముగా పెరుగు కణములనుగూడ తాకును; అందువలన నోరు పూయును, ఆకలి మందగించును, కొందఱకు జుట్టు రాలును, తెల్లకణములు తగ్గి అంటువ్యాధులు సులభముగా సోకును. క్యాన్సరు మాత్రము అంటువ్యాధి కాదు. ప్రక్కన కూర్చున్నంత, కలసి తిన్నంత అది రాదు. మీకు జలుబు, జ్వరము ఉన్నప్పుడు మాత్రము వానియొద్దకు పోకుడు. పోవునపుడు చేతులు శుభ్రముగా కడుగుకొనుడు. వాని జుట్టును గూర్చి హేళన చేయకుడు. జాలిమాటలతోను వానిని విసిగింపకుడు. తప్పిన పాఠములను వ్రాసి తీసికొనిపోవుడు. తరగతిలో ఎవరేమి అల్లరి చేసిరో చెప్పి నవ్వింపుడు. ఏ బల్లమీద వాని చోటు నిలిచియున్నదో చెప్పుడు. అలసి ఇక చాలునను దినమున వానితో వాదింపక ప్రక్కన కూర్చుండుడు.

తల్లిదండ్రులకును ఒక మనవి. చికిత్స నడుమ కొంత గుణము కనబడగానే మందు మానిపింపరాదు. నాటి బోస్టను బిడ్డలకు గుణము తాత్కాలికమగుటనుండియే వైద్యులు ఈ పాఠము నేర్చిరి: కనబడకుండ దాగిన కణములు మరల పెరుగును, కాబట్టి వైద్యుడు చెప్పినంతకాలము మందు సాగవలెను. ఆ సుదీర్ఘ మార్గమున ఇంటివారు అలసిపోవుదురు. అప్పుడు ఇరుగుపొరుగువారు వారి పొయ్యి వెలిగించి, మిగిలిన బిడ్డలను బడికి పంపినచో అదియు చికిత్సలో భాగమే.

సుబ్బారావుగారు రెండుసారులు పరీక్ష తప్పిరి, కోరిన పట్టము పొందలేదు, రాత్రులు మలపాత్రలు కడిగిరి, తోబుట్టువులను కోల్పోయిరి. అట్లయినను తామెరుగని బిడ్డల కొఱకు పట్టువదలక పనిచేసిరి. అంతటి విజ్ఞానము మనకందఱకును అబ్బదు. మంచమునకు ఒక మూల చేయివేయుట మాత్రము మనలో ప్రతివారికిని సాధ్యమే. ఆ పని ఈ సంవత్సరము ఈ పాఠశాలలో ఎవరికైన కావలసివచ్చినచో, వెనుదీయక ముందునకు పోవుదముగాక.